చాక్లెట్ గారి పెద్దకర్మ

కొండాపూర్ కేఫుల్లో కొత్త సరుకొకటి నడుస్తోంది. అట్టపెట్టె, పైన గోనెగుడ్డ ముక్క, దాని మీద 'మీ బాల్యం' అని ముద్ర. లోపల రూపాయికొకటి దొరికే చాక్లెట్ బిళ్లలు ఓ ముప్పై. ధర అయిదు వందలు. కొన్నవాళ్లు ముందు ఫోటో తీస్తారు, తర్వాత ఒకటి నోట్లో వేసుకుంటారు, ఆపైన 'ప్చ్, ఆ రుచి లేదండీ' అంటారు.

ఇంతటి దుఃఖాన్ని అట్టపెట్టెలో కుక్కడం అన్యాయం. కనుమరుగైన చాక్లెట్ గారికి నెక్లెస్ రోడ్డున షామియానా వేయించి శాస్త్రోక్తంగా పెద్దకర్మ జరిపించాలని మనవి. రేపర్‌ను ఇస్త్రీ చేయించి, పటం కట్టించి, దండ వేయాలి. ఫ్లెక్సీలో పోయినవారి ఫోటో చిన్నగా, శోకతప్తుల ఫోటోలు పెద్దగా ఉండాలన్న నగర సంప్రదాయం తప్పకూడదు. రెండు నిమిషాల మౌనం, అందులో నిమిషంన్నర రీలు. తర్వాత హుస్సేన్‌సాగర్ గట్టున పిండం. కాకి వస్తుంది, చూస్తుంది, ముట్టదు. 'ఏదో కోరిక మిగిలిపోయింది నాయనా' అంటారు పంతులుగారు. 'మళ్లీ తెప్పిస్తాం' అని ఓ టీమ్ లీడ్ మాటిస్తాడు. ముట్టదు. 'పాత రేపర్‌లోనే!' ముట్టదు. 'పాత ధరకే, పావలాకే!' కాకి ఒకడుగు ముందుకేస్తుంది. ఇంతలో చార్టర్డ్ అకౌంటెంట్ గారు లేచి, పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదని గుర్తుచేస్తారు. కాకి ట్యాంక్‌బండ్ విగ్రహాల వైపు ఎగిరిపోతుంది.

పునర్జన్మలు లేవని కాదు. పార్లే వారు 2006లో ఆపేసిన కోలా రుచి బిళ్ల రోలాకోలా 2019లో తిరిగొచ్చింది. పదివేల రీట్వీట్లు వస్తే చూద్దామన్నారు, వచ్చాయి. రీట్వీట్ చేసినవాళ్లలో ఎందరు రెండో ప్యాకెట్ కొన్నారో ఆ కాకికే తెలియాలి.

ఇక ఇంట్లోనే చేసేద్దామనే వీరులు. పాకం 118 డిగ్రీల దగ్గర ఉండ కడుతుంది, అక్కడ ఆపితే నమిలే టాఫీ. 150 దాకా పోనిస్తే నీరు దాదాపు పోయి, టక్కున విరిగే బిళ్ల. 'కెమికల్స్ వద్దండీ' అంటూ గ్లూకోజ్ సిరప్ మానేస్తారు, పంచదార మళ్లీ పలుకులు కడుతుంది. వానాకాలంలో డబ్బా మూత బిగించరు, తెల్లారేసరికి బిళ్లలన్నీ ఒకటే ముద్ద. చాక్లెట్ బారు సంగతి మరీ ఘోరం. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన మే నెల 40 దాటుతుంది. కరిగి మళ్లీ గడ్డకట్టాక పైన తేలే తెల్లపొర బూజు కాదు, కొవ్వే. అందుకే చవక రకాల్లో గట్టి వనస్పతి కొవ్వు వాడతారు. 'ఆ రుచి, ఆ రుచి' అని తలుచుకునేవారు ఈ ముక్క కూడా తలుచుకోవాలి.

చిత్తూరు మిఠాయి కంపెనీ న్యూట్రిన్ 2006లో గోద్రెజ్ చేతికి పోయింది. మరుసటేడు అమెరికా హెర్షీ వచ్చి చేరింది, 2012లో మొత్తం దానిదే అయింది. ప్యారీస్ మిఠాయిలు 2004లోనే కొరియా లొట్టే పరం. పాన్ పసంద్, మ్యాంగో మూడ్ చేసే రావల్‌గావ్ బ్రాండ్లు 2024లో 27 కోట్లకు రిలయన్స్ పరమయ్యాయి. 2023 వేలంలో కోకాపేట ఎకరం వంద కోట్లు దాటింది కదా, ఆ లెక్కన మీ బాల్యం పావెకరం పైచిలుకు. అమ్మింది పేర్లూ, తయారీ లెక్కలూ. స్థలం, యంత్రాలు అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

మరి మనుషులు? బుడగల చప్పుడు విని పాకం ముదిరిందో లేదో చెప్పగలిగే మనిషికి ఈ బేరాల్లో విలువ కట్టిందెవరు? పొయ్యి ఆరిన రోజున అతను ఏం తిన్నాడని ఒక్క పోస్టూ అడగదు. ముప్పై ఏళ్లు బాణలి సెగలో నిలబడ్డవాడి పేరు తెలియదు, వాడు చుట్టిన కాగితానికి మాత్రం దండలు! సిగ్గనిపించదా? అదే చేత్తో రేపు బేగంబజార్‌లో, తెల్లారకముందే బెల్లం పాకం పట్టి పల్లీ పట్టీ కోసుకొచ్చినవాడి దగ్గర నిలబడి, పది రూపాయల పట్టీని ఎనిమిదికిమ్మని పావుగంట బేరమాడతారు.