గేటు నుంచి గద్దె దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి టి.అంజయ్య పేరెత్తితే రెండే సంగతులు గుర్తుచేస్తారు. ఒకటి, 61 మంది మంత్రుల జంబో కేబినెట్. రెండోది బేగంపేట విమానాశ్రయం. 1982లో స్వాగత హంగామా ఎక్కువైందని, అప్పటికి ఎంపీ మాత్రమే అయిన రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రిని అందరి ఎదుటా కసురుకున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పదవీ పోయింది. ఆ అవమానం తెలుగువారి ఆత్మగౌరవ నినాదంలో కలిసి, ఏడాది తిరక్కుండానే రాష్ట్రంలో కాంగ్రెస్‌ను గద్దె దించింది.

ఇవన్నీ జరిగినవే. కానీ అంజయ్య బతుకంతా ఇంతేనంటే మేము ఒప్పుకోం.

రోజుకు ఆరణాలు. రూపాయికి పదహారు అణాల కాలంలో అది అర్ధ రూపాయి కూడా కాదు. ఆ కూలికి హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో పనికి కుదిరిన మనిషి యూనియన్ నాయకుడై, మంత్రై, 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ముషీరాబాద్‌లో ఆయన్ని ఓడించిన జనతా అభ్యర్థి నాయిని నర్సింహారెడ్డి కూడా వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడే. అంటే ఆ సీటులో ఎవరు నెగ్గినా అసెంబ్లీకి వెళ్లేది ఫ్యాక్టరీ గేటు ముందు జరిగే కార్మికుల మీటింగుల్లో రాటుదేలిన మనిషే! 2014లో తెలంగాణ తొలి హోంమంత్రి అయినప్పుడు నాయిని కార్మిక శాఖనూ చూశారు.

మరి అంజయ్య ఎక్కడ దెబ్బతిన్నారు? యాజమాన్యంతో బేరానికి కూర్చున్న యూనియన్ నాయకుడికి గేటు బయట నిలబడ్డ కార్మికులే ధీమా. ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం ఢిల్లీ ఇచ్చింది. 1978 నుంచి 1983 దాకా ఒకే శాసనసభ నలుగురు ముఖ్యమంత్రులను చూసిందంటే ఆ కుర్చీ గట్టిదనం ఎంతో తెలుస్తూనే ఉంది. తన మనుషులు వెంట లేని చోట, పదవులు పంచి మద్దతు నిలుపుకోవాలనుకున్నారు. అది తప్పే. కానీ అహంకారంతో చేసిన తప్పు కాదు, ఒంటరితనంతో చేసిన తప్పని మేము నమ్ముతున్నాం.

ఆల్విన్ ఇప్పుడు లేదు. మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అన్న పేరు మిగిలింది. ఇవాళ్టి కాంట్రాక్టు కార్మికుడికి తన కంపెనీ ఏదో చెప్పుకోవడమే కష్టం. పని ఒకరిది, జీతం ఇచ్చేది ఇంకొకరు. యూనియన్‌లో చేరితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారని టెన్షన్. అలాంటి చోట నాయకుడు ఎలా పుడతాడు?

29 పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించకూడదన్న నిబంధన ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీకీ వర్తించేది, ఇప్పుడు 300 మంది ఉంటేనే. ఈ కోడ్‌ల కింద రాష్ట్రాలూ నియమాలు రాసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల సభల్లో వాటిపై క్లాజు క్లాజుకూ చర్చ జరగాలి. ఆ చర్చలో షిఫ్టుల్లో పనిచేసి, యూనియన్ చందా వసూలు చేసి, సమ్మె నోటీసు మీద సంతకం పెట్టిన వాళ్లు ఉండాలి. వచ్చే ఎన్నికల్లో అలాంటి వాళ్లకు ఎన్ని టికెట్లు ఇస్తారో పార్టీలు ఇప్పుడే చెప్పాలి.