ఆరు గాడుల బెల్టూ, నా ఆదివారమూ: సూపర్‌ఛార్జర్ కిట్ గారికి బహిరంగ లేఖ

ఇంజిన్లోకి గాలిని నొక్కి పంపి బండి బలం పెంచే మహారాజశ్రీ సెకండ్ హ్యాండ్ సూపర్‌ఛార్జర్ కిట్ గారి దివ్యసముఖానికి,

అనంతపురం నుంచి తమరి ప్రస్తుత యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని చాలా ఉంది గానీ, నిన్న మధ్యాహ్నం తర్వాత మనిద్దరిలో ఒక్కరం కూడా కుశలంగా లేం కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. తమరు బెల్టు ఊడగొట్టుకుని బానెట్ కింద హాయిగా పడుకున్నారు. నేను ఊరి బయట, ఒక్క ఇల్లు కూడా లేవని రియల్ ఎస్టేట్ వెంచర్లో, గేటెడ్ కమ్యూనిటీ అని పెద్దక్షరాలతో రాసిన ఆర్చి నీడలో, నా మజ్దా మియాటా కారు పక్కన నేల మీద కూర్చున్నాను. గేటూ లేదు, కమ్యూనిటీ అసలే లేదు, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు ఇంజిన్ చల్లారాక రేడియేటర్ తాగేసింది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన ఆగి, నోరు తెరుచుకుని ఉన్న బానెట్ లోపలికి చాలాసేపు చూసి, "పెట్రోలు అయిపాయెనా అప్పా?" అన్నాడు. అవును పెద్దాయనా అన్నాను. ఆ ఎండలో ఆయనకి బెల్టు స్లిప్పు గురించి చెప్పే ఓపిక ఎవడికుంది?

అన్నట్టు, తమరిని రోడ్డు మీదికి తీసుకెళ్లకుండా ఈ ముళ్లకంపల మధ్య తిప్పుతున్నానని చిన్నబుచ్చుకోకండి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుంది, కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైను, కాదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పుల్లీ ఒక మార్పు, మానిఫోల్డ్ ఒక మార్పు, రెగ్యులేటర్ ఒక మార్పు అని లెక్కపెట్టడం మొదలుపెడితే మీ ఖరీదు ఫైన్లకే సరిపోతుంది. అందుకే స్నేహితుడి వెంచరు. ఎప్పటికైనా మియాటాని లారీకెక్కించి కోయంబత్తూరులోని రేసు ట్రాక్ కారి మోటార్ స్పీడ్‌వేలో దించాలని ఆశ. మీరు సహకరిస్తే.

మీ వంశం గురించి నాకు తెలియక కాదు. 1860లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న బ్లోవర్ మీ మూలపురుషుడు. కొలుముల్లోకి గాలి ఊదిన వంశం. 1921 నాటికి మెర్సిడెస్ కార్లలోకి కంప్రెసర్ ఎక్కింది. అంత ఘనమైన ఇంటి బిడ్డ మా ఇంటికి వచ్చేసరికి మూతి మీద ఎంసీల్ పూసుకుని వచ్చింది. అవునండీ, బ్లోవర్ ముందు ముక్కు దగ్గర కేసింగ్ పగులు, దాని మీద ఎంసీల్, దాని మీద సిల్వర్ పెయింటు. ఫోటోల్లో మిలమిలా మెరిసిన చోటు సరిగ్గా అదే.

చిన్న చిన్నవి నేను మనసులో పెట్టుకోను. మానిఫోల్డ్ గ్యాస్కెట్ లేదు, షీటు తెచ్చి కత్తిరించి అనబాండ్ పూసుకున్నాను. వ్యాక్యూమ్ పైపులు పట్టుకుంటే పొడి రాలాయి, మార్చుకున్నాను. బోల్టులు సగం మిల్లీమీటర్లలో, సగం అంగుళాల్లో, ఒకే బ్రాకెట్‌కి రెండు దేశాల కొలతలు. మూడు సూత్, అంటే 3/8 అంగుళాల బోల్టు కోసం హార్డ్‌వేర్ షాపు వెనక డబ్బాలన్నీ నేనే వెతుక్కున్నాను. ముక్కులోపలి ప్లాస్టిక్ కప్లర్ అరిగిపోయి ఐడిలింగ్‌లో టకటకమంటే కొత్తది తెప్పించి, గేర్ల ఆయిల్ కూడా మార్చాను. బైపాస్ వాల్వ్ డయాఫ్రమ్ చిరిగింది. దానికీ ఒక దారి చూశాను. ఇంటర్‌కూలర్ మీ ఖాందాన్‌లోనే లేదంటే, సరే, ఆరు పీఎస్ఐ గాలి ఒత్తిడికి ఏమీ కాదులే అనుకుందాం. 40 డిగ్రీల గాలిని లోపలికి తీసుకుని నొక్కి, 90 దాటించి ఇంజిన్ నోట్లో పోస్తారు తమరు. ఫ్యాక్టరీ నుంచి 9.4 కంప్రెషన్‌తో వచ్చిన 1.6 లీటర్ ఇంజిన్, ఆ వేడికి నాకింగ్ (పెట్రోలు దానంతటదే అంటుకుని ఇంజిన్ టకటకలాడటం) మొదలుపెట్టకుండా స్పార్క్ టైమింగ్ వెనక్కి తిప్పుకుని నేను కాపాడుకుంటున్నాను. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. నాకింగ్‌కి అది మంచిదే గానీ అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పెట్రోలు పొయ్యాలి, ఇంజెక్టర్లేమో పాతవే. ఇదంతా నా తలనొప్పి, మీది కాదు. మంచిది.

బెల్టు మాత్రం నేను క్షమించను.

మీతో పాటు వచ్చిన జిరాక్స్ కాగితంలో బెల్టు నంబరు స్పష్టంగా ఉంది. ఆ నంబరు బెల్టు తెచ్చాను. వెయ్యబోతే చేతిలోనే వేలాడింది. ఎందుకయ్యా అంటే, మీ పాత యజమాని గారికి ఆరు పీఎస్ఐ ఆనలేదు, ఇంకొంచెం కావాలనిపించి బ్లోవర్‌కి చిన్న పుల్లీ బిగించాడు. పుల్లీ చిన్నదైతే బ్లోవర్ ఎక్కువ తిరుగుతుంది, గాలి ఎక్కువ వస్తుంది, వేడీ ఎక్కువే వస్తుంది. దాంతో బెల్టుని దారి మళ్లించే ఉత్త చక్రం, ఐడ్లర్, దాని స్థానం కూడా మార్చాడు. ఆ మార్పుల్లో ఒక్కటైనా ఆ కాగితం మూల మీద పెన్సిల్‌తో రాసి పెట్టాడా? లేదు. ఫోన్ చేస్తే "అన్నీ బాక్సులోనే ఉన్నాయి బ్రో" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మీతో వచ్చిన పాత బెల్టు తిరగేసి చూస్తే వీపు మీద నంబరు మొత్తం అరిగిపోయి, చివరి సున్నా ఒక్కటే మిగిలింది. సున్నా పట్టుకుని బెల్టు కొనమంటారా సార్?

సరే, పురికొస తీసుకుని పుల్లీలన్నింటి చుట్టూ మీరు పోయే దారిలోనే చుట్టి, కొలిచి, నంబరు రాసుకుని స్పేర్ పార్ట్స్ షాపుకి పోయాను. ఆ షాపు మీరు చూడాలి. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ బెల్టులు, ప్రతి మేకు పైన సుద్దముక్కతో బండి పేరు. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా, స్విఫ్ట్. కౌంటర్లో కూర్చున్నాయన నా చీటీ వైపు చూడనే లేదు.

"ఏ బండికి సార్?"

"బండి సంగతి వద్దన్నా, సైజు చెప్తా. 6పీకే..."

"అట్ల కాదు సార్, బండి పేరు చెప్పండి."

"మియాటా."

"ఫియాటా? ఫియట్ సామాన్లు ఇప్పుడు యాడ వస్తాయి సార్, నిలిచిపోయి శానా రోజులాయె."

నేను ఓపిగ్గా చెప్పాను, 6 అంటే ఆరు గాడులని, పీకే అంటే గాడి గాడికీ మధ్య 3.56 మిల్లీమీటర్లు ఉండే రకమని, వెనకాల అంకె బెల్టు పొడవని, బండి ఏదైనా బెల్టుకి పట్టింపు లేదని. ఆయన కూడా ఓపిగ్గానే విని, "అదంతా కరెక్టే సార్, ఇంతకీ ఏ బండికి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన గోడ మీద ఉన్న ప్రతి బెల్టుకీ ఒక బండి ఉంది. మీ బెల్టుకి లేదు. జపాన్ కారు, అమెరికా కిట్టు, ఎవడో మధ్యలో మార్చిన పుల్లీ, వీటన్నిటి మధ్య తిరిగే ఆ రబ్బరు ముక్క ప్రపంచంలో ఏ కంపెనీ బండిదీ కాదు. ఊళ్లో ఇంకో షాపు, ఆ పక్కన ఇంకో షాపు, అంతటా ఇదే ప్రశ్న. మా పక్కింటాయన మధ్యలో సలహా ఒకటి: "పెనుకొండలో కియా ఫ్యాక్టరీ ఉంది కదప్పా, వాళ్లనడగరాదా?" 2019 నుంచి లక్షల కార్లు బయటికి పంపిస్తున్న ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి నేను పురికొస చూపించాలన్నమాట. చివరికి విడిభాగాల షాపులుండే బెంగళూరు జేసీ రోడ్డుకి పోతే అక్కడా అదే ప్రశ్న, కాకపోతే కన్నడలో: "యావ గాడిగె సార్?" అక్కడ మాత్రం ఒక కుర్రాడు నంబరు విని, అటక ఎక్కి, దుమ్ము దులిపి, దగ్గరదగ్గరగా ఉండే సైజులు నాలుగైదు కౌంటర్ మీద పడేశాడు. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

తెచ్చాను కదా. మొదటిది రెండు సెంటీమీటర్లు పొట్టి, బెల్టు బిగించే టెన్షనర్ పూర్తిగా వదిలేసినా పుల్లీ అంచు దాటదు, పానా పెట్టి ఎగదోస్తే వేళ్లు నలిగాయి. తర్వాతిది ఎక్కింది, కానీ టెన్షనర్ బోల్టు గాడి చివరి దాకా పోయి ఇంక జరగనంటుంది. అప్పటికీ బెల్టు మధ్యలో వేలు పెట్టి నొక్కితే లోపలికి పోతోంది. ఈ రెండింటికీ మధ్య సైజు ఒకటి ఉంది, అది వేశాక బానెట్ కింద అన్నీ సరిగ్గా కుదిరినట్టే కనిపించాయి. నిజం చెప్పండి, ఆ రోజు మీరు నన్ను చూసి నవ్వుకున్నారు కదా?

నిన్న వెంచర్లో సెకండ్ గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. గాలి ఒత్తిడి చూపే బూస్ట్ మీటర్ ముల్లు రెండు, మూడు, ఐదు. ఆరు దాటింది. 4000 ఆర్పీఎం దగ్గర ముల్లు ఇంకా పైకి పోవాల్సింది పోయి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇంజిన్ వేగం పెరుగుతోంది, గాలి తగ్గుతోంది. అర్థమైంది కదా? బూస్ట్ పెరిగే కొద్దీ బ్లోవర్‌ని తిప్పడం బరువవుతుంది, ఆ చిన్న పుల్లీని బెల్టు చుట్టుకున్నదేమో సగం కన్నా తక్కువ, పట్టు చాలక జారిపోతోంది. కీచుమని అరుపు, రబ్బరు మాడిన వాసన, అంతలోనే ఫట్. బ్యాటరీ లైటు వెలిగింది. మీ బెల్టే ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ కూడా తిప్పే ఏర్పాటు కాబట్టి టెంపరేచర్ ముల్లు లేచింది. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి చూస్తే బానెట్ లోపలి వైపంతా నల్లటి రబ్బరు పొడి, బెల్టేమో ఫ్యాన్ కవరు మీద మెలికలు పడి ఉంది, ఆరు గాడుల్లో అంచు గాడి ఒకటి దారంలా విడిపోయి.

ఇంక మర్యాదలు చాలు. ఏమప్పా, నీకు సిగ్గుందా అసలు? నీకు నేనేం తక్కువ చేశాను? మా అమ్మ ఎండబెట్టుకున్న వడియాల పక్కన జాగా ఇప్పించాను. కానుగ చెట్టు కింద టార్పాలిన్ కట్టి, వీధిలో ప్రతి పెద్దమనిషీ వచ్చి "దీనికెంతయింది?" అని అడుగుతుంటే సగం రేటు చెప్పి నీ పరువు, నా సంసారం రెండూ కాపాడాను. నీ పుల్లీకి పట్టు చాలకపోతే ముందే ఏడ్చి ఉండొచ్చు కదా? ఐడిలింగ్‌లో బుద్ధిమంతుడు, మూడు వేల దాకా బుద్ధిమంతుడు, ఊళ్లో మనుషులున్నంత సేపూ బుద్ధిమంతుడు, ఊరి బయట చెట్టు కూడా లేని చోట, ఒంటిగంట ఎండలో నీకు బెల్టు బరువయిందా? ఆ పాత యజమాని అన్నా మనిషి, ఫోన్ ఎత్తకుండా ఉండగలడు. నువ్వు నా ఇంట్లో ఉంటూ నాతో మాట్లాడకపోతే ఎట్ల? ఆ పుల్లీ మార్చినప్పుడైనా, ఆ మెటల్ మీద గోరంత గీత పెట్టుకుని రాకూడదా, ఇదిగో నాకు ఇంత పొడవు బెల్టు కావాలని? ఆ ఒక్క అంకె కోసం నేను రెండు రాష్ట్రాల్లో పురికొస పట్టుకు తిరిగాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే రాత్రి నిద్రపట్టదు. ముల్లు ఆరు దాటిన ఆ రెండు మూడు సెకన్లు. బానెట్ కింద నుంచి నువ్వు సన్నగా మొదలుపెట్టి ఈల వేస్తున్నట్టు పైకి పోతుంటే, పంపినదంతా వదలకుండా ఇంజిన్ తీసుకుంది. ఇన్నాళ్లూ పాపం మర్యాదగా నడిచిన కారు సీటు ఒక్కసారిగా నా వీపుని నెట్టింది. మా తమ్ముడు పక్కన కూర్చుని ఉన్నాడు, ఎప్పుడూ నన్ను తిట్టే మనిషి, వాడి నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, అది ఇక్కడ రాయలేను.

అందుకని నీ బాక్సు ఇంకా అటకెక్కలేదు. మా లేత్ మెషీన్ ఆయన బోరుబావుల మోటార్ల షాఫ్టులు తిప్పుకుంటూ బతికే మనిషి, నీ బొమ్మ కాగితం మీద గీసి చూపిస్తే ఒక్క చూపులోనే, "ఐడ్లర్ ఇంకో రెండంగుళాలు పైకి పోవాలప్పా, అప్పుడు బెల్టు చిన్న పుల్లీని ముప్పావు వంతు చుట్టుకుంటాది" అన్నాడు. మందపాటి ఇనప ప్లేటు కోసి బ్రాకెట్ చేస్తానన్నాడు. బెల్టు సైజు ఏమవుతుందో బ్రాకెట్ బిగించాక కొలుస్తాడట, నా పురికొసని మాత్రం నమ్మలేదు. అంటే మళ్లీ కొత్త నంబరు, మళ్లీ జేసీ రోడ్డు, మళ్లీ యావ గాడిగె.

పొద్దున్నుంచి అక్కడ కరెంటు లేదు. ఇప్పుడే వచ్చిందని ఫోన్ చేశాడు, నిన్ను కూడా తెమ్మన్నాడు. పద.

ఇట్లు,
వేళ్లకి కట్లు కట్టుకుని రాస్తున్న
మీ ప్రస్తుత యజమాని,
అనంతపురం