మా తమ్ముడి పేరు కుళ్లాయప్ప, మార్చుకోడు

అనంతపురం జిల్లా దాటితే చాలు, మా తమ్ముడికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "అదేం పేరయ్యా, కుళ్లిపోయినట్టు?" అని ఒకటి. "ఇంతకీ హిందువా, ముస్లిమా?" అని ఇంకొకటి. మొన్న ఉద్యోగం కోసం వెళ్లినచోట ఇంటర్వ్యూ చేసినాయన ఆ రెండూ అడిగాడట. వాడు సర్దుకుని వచ్చేశాడు గానీ, వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ పేరుకూ కుళ్లుకూ ఏ సంబంధమూ లేదు. కుళ్లాయి అంటే టోపీ. పారసీక భాషలోని 'కులాహ్' మన దగ్గర కుళ్లాయి అయింది. అదేమీ నిన్నమొన్నటి మాట కాదు. కన్నడ రాజు కొలువుకు వెళ్తే తలకు కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయే చాటుపద్యం శ్రీనాథుడిదిగా చెబుతారు. ఆయన 15వ శతాబ్దం వాడు. తిరుమల వెళ్లినప్పుడు మహాద్వారం దాటాక కృష్ణదేవరాయల విగ్రహం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తలమీద పొడుగ్గా కనిపించేది కిరీటం కాదు, కుళ్లాయే. వేంకటేశ్వరుడి ముంగిట రాయలవారికి అడ్డురాని టోపీ మా తమ్ముడి ఉద్యోగానికి అడ్డొచ్చిందా?

ఇక అప్ప అంటే మా వైపు తండ్రి, పెద్దదిక్కు. నార్పల మండలం గూగూడులో కొలువైన పీరు కుళ్లాయిస్వామిని అలా పిలుచుకుంటాం. 680లో కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమాం హుసేన్‌ను తలుచుకునే మొహర్రం మాకు పీర్ల పండగ. అప్పుడు గూగూడులో ఇసుక వేస్తే రాలదు. కుళ్లాయిస్వామి ఉన్నచోటే ఆంజనేయస్వామీ ఉంటాడు. జనం ఇద్దరికీ మొక్కి అగ్నిగుండం దగ్గరికి వెళ్తారు.

పిల్లలు నిలవని ఇళ్లవాళ్లు ఆ స్వామికి మొక్కుకుంటారు. మా అమ్మా అంతే. తమ్ముడు పుట్టాక వాణ్ని చంకనేసుకుని, తడిబట్టలతో, చేతిలో చక్కెర పొట్లంతో వరుసలో నిలబడింది. ఆ చక్కెర మీద ఖురాన్‌లోని మొదటి అధ్యాయం ఫాతిహా చదివి, కొంత ఉంచుకుని, మిగిలింది తిరిగి ఆమె చేతిలో పెట్టారు. చదివి ఇస్తారు కాబట్టే దాన్ని చక్కెర చదివింపులు అంటాం. ఆ పూటే చిటికెడు చక్కెర వాడి నాలుక మీద రాసి కుళ్లాయప్ప అని పిలిచింది. ఆడపిల్ల పుట్టి ఉంటే కుళ్లాయమ్మ అయ్యేది.

అందుకే ఆ రెండో ప్రశ్న మా ఊళ్లో ఎవరూ అడగరు. అడిగితే మా వీధి దస్తగిరి ఏం చెప్పాలి? వాళ్లది రోజూ శివపూజ చేసే ఇల్లు. దస్తగిరి అంటే చేయి పట్టుకుని ఆదుకునేవాడు. బాగ్దాద్ సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదది. చాలామంది అందులో ఏదో కొండ ఉందనుకుంటారు. నెల్లూరు, గుంటూరు వైపు మస్తానయ్యలు, మస్తాన్‌రావులు ఎంతమంది లేరు! దర్గాలో మొక్కు, ఇంట్లో పెట్టుకున్న పేరు, అంతే.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది బయటివాళ్లు కూడా కాదు. "గెజిట్‌లో వేయించి కుల్‌దీప్ అని మార్చేయండి, పని అవుతుంది" అని మా బంధువే ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన సొంత తాత పేరు ఫకీరప్ప! కాలేజీలో చేరగానే 'కె' అనే ఒక్క అక్షరం వెనక దాక్కుంటున్న కుళ్లాయప్పలు నాకు నలుగురైదుగురు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను, రోజూ ఎగతాళి పడేది వాళ్లు. కానీ వాళ్ల ముందు పకపకా నవ్వినవాళ్లను మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

మా తమ్ముడు పేరు మార్చుకోడు. ఇంకోచోట దరఖాస్తు పెట్టాడు, పూర్తి పేరుతోనే.