గుంత దాటాక ఎడమచేతి వైపు

బెజవాడ పటమటలో మా వీధి మొదట్లో, రోడ్డు మధ్యలో ఒక గుంత ఉంది. "గుంత దాటాక ఎడమచేతి వైపు మూడో ఇల్లు" అని చెబితే డెలివరీ కుర్రాళ్లు మళ్లీ ఫోన్ చెయ్యరు. డోర్ నంబర్లు రెండుసార్లు మారాయి, గుంత మారలేదు.

పర్యావరణానికి హాని చెయ్యని, పది కాలాలు నిలిచే సామగ్రితో గుంతలు పూడ్చాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. బెజవాడ వాళ్లకి ఈ పాఠం కొత్తగా చెప్పాలా? మా గుంతలో పడేది పక్క వీధిలో పడగొట్టిన ఇంటి ఇటుక ముక్కలు. మొదటి వానకి అవి కాలవలోకి పోతాయి. కాలవలో పూడిక తీసినప్పుడు గట్టు మీద కుప్పగా పోస్తారు. ఆ కుప్ప ఎండాక మళ్లీ గుంతలోకే వస్తుంది. తట్టెడు మట్టి కూడా వృథా పోదు. ఇంతకు మించిన రీసైక్లింగ్ ఏ దేశంలో ఉందో చూపించండి.

మదురైలో వాసుదేవన్ గారని ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నారు. ప్లాస్టిక్ చెత్తని సన్నగా తరిగి, కాలుతున్న కంకర మీద చల్లి, ఆ తర్వాత తారు కలిపే పద్ధతి కనిపెట్టారు. ప్లాస్టిక్ కరిగి రాయికి పొరలా పట్టుకుంటుంది, ఇక తారుకీ రాయికీ మధ్యకి నీళ్లు దూరలేవు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, కాదనను. కానీ నీళ్లు దూరకపోతే ఏటా ప్యాచ్ వర్క్ మీద బతికేవాళ్లు ఏమైపోవాలి? ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ ఇంకా దారుణం. ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెంతో, అంటే ఉక్కు తీశాక మిగిలే మడ్డితో, ఒక మిశ్రమం చేసింది, అది వాన నీళ్లు నిలిచిన గుంతలో కూడా పట్టుకుంటుందట. "వానలు తగ్గాక చూద్దాం" అనే మాటకి ఇక విలువేముంటుంది? నాగపూర్ దగ్గర మన్సర్ బైపాస్‌లో పంట వ్యర్థాల్లోంచి తీసిన లిగ్నిన్ అనే పదార్థం కలిపిన తారు వేశారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గడ్డికేం కరువు? ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదకి మాత్రం ఏం కరువు? అయినా ఇంటి దగ్గర దొరికేది మనకి ఎప్పుడూ ఆనదు.

మొన్న వేసవిలో మా గుంతకి యోగం పట్టింది. ఎక్కడో 150 డిగ్రీల వేడి మీద కలిపిన తారు కంకర, దారంతా ట్రాఫిక్‌లో చల్లారి, మా వీధికి వచ్చేసరికి చద్దన్నంలా ఉంది. నాలుగు తట్టలు పోసి, పార వెనక్కి తిప్పి తట్టారు.

నాకు తెలిసినంతలో గుంత అంచులు నిలువుగా, చదరంగా కొయ్యాలి. దుమ్ము ఊడ్చి, తడి ఆరనిచ్చి, అడుగున పల్చగా తారు ఎమల్షన్ కొట్టి, పొరలు పొరలుగా వేసి రోలర్‌తో తొక్కించాలి. ఇవేమీ చెయ్యకపోతే అందులో ప్లాస్టిక్ వేసినా, బంగారం వేసినా ఒకటే. ఉండబట్టలేక పార పట్టుకున్న మేస్త్రీని అడిగాను.

"గుంతని చదరంగా కొయ్యరా బాబూ?"

"కొయ్యడానికి ఇదేమన్నా కేకా అండీ?"

"పోనీ రోలర్?"

"లారీ వెళ్తాదిగా."

వెళ్లింది. చక్రం ఒకవైపే ఎక్కింది. రెండో వానకి ఆ ప్యాచ్ కుండ మీది మూతలా లేచి, పక్కింటి గేటు దగ్గర ఆగింది. వాళ్లు దాన్ని స్కూటర్ ఎక్కించడానికి ర్యాంపుగా వాడుకుంటున్నారు. చెప్పానుగా, ఏదీ వృథా పోదు.

రాత్రిళ్లు బండ్లు పడిపోతున్నాయని టీ కొట్టు బాబాయ్ గుంతలో ఒక మునగకొమ్మ పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టాడు. ఇటుక పొడి, కాలవ పూడిక, కాస్త తడి... మునగకి ఇంకేం కావాలి? మూడు వారాల్లో చిగురేసింది. గ్లాసులు కడిగిన నీళ్లు కూడా దానికే పోస్తున్నాడు.

నిన్న డెలివరీ కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, గుంత ఎక్కడా కనపడట్లేదు. ఇక్కడ మునగచెట్టు ఉంది."

"అదే బాబూ. దాటి ఎడమచేతి వైపు రా."