సలాక ముక్క, బకెట్ నీళ్లు ఉంటే కత్తి తయారైపోదు

కత్తులు చేయడం నేర్చుకోవాలని ఉత్సాహపడే కుర్రాళ్లలో, ముఖ్యంగా మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు గ్రూపుల్లో, ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది. ఇల్లు కట్టగా మిగిలిన సలాక ముక్క గానీ, పాత ఇనుప సామాను దుకాణంలో దొరికే లారీ కమాన్ పట్టీ గానీ తెచ్చుకోండి. బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, సుత్తెతో సాగగొట్టి, బకెట్ నీళ్లలో ముంచి, గ్రైండర్ పట్టండి. ఒక్క ఆదివారంలో జీవితాంతం పదును పోని కత్తి చేతికొస్తుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రం కమ్మరులు ఒకప్పుడు పశ్చిమాసియాలో పేరుమోసిన డమాస్కస్ కత్తుల ఉక్కు ఇట్లాగే చేశారు. కింద మూరెడు పొడవు కత్తి ఫొటో.

దీన్ని నమ్మి మొదలుపెట్టిన పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. బ్లేడు పగిలిందని, వంగిపోయిందని, ఎంత సాన పట్టినా టమాటా కూడా తెగట్లేదని. సగం మంది "ఇది మనకు చేతకాదు" అని వదిలేస్తున్నారు, అదే నాకు బాధ. చేతకాక కాదు, చెప్పిన పద్ధతే తప్పు. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని చెప్తాను.

ముందు సలాక. కత్తి గట్టిపడాలంటే ఉక్కులో కార్బన్ ఉండాలి, కనీసం 0.6 శాతం దగ్గర, కొత్తగా నేర్చుకునేవాళ్లకు 0.75 నుంచి 0.85 మధ్య అయితే చాలా హాయి. ఇళ్లకు వాడే ఎఫ్‌ఈ 500డి సలాకలో మన ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం కార్బన్ 0.25 శాతం దాటకూడదు. కావాలనే తక్కువ పెడతారు, ఎందుకంటే సలాక వంగాలి, వెల్డింగ్ పట్టాలి, భూకంపం వస్తే విరగకుండా సాగాలి. కత్తికి కావలసిన గుణం దీనికి సరిగ్గా ఎదురు. "మరి టీఎంటీ గట్టిగానే ఉంటుంది కదా" అని అడుగుతారు. నిజమే, ఫ్యాక్టరీలో ఎర్రగా ఉన్నప్పుడే నీళ్ల జెట్లు కొట్టడం వల్ల పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మీరు దాన్ని కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి సాగగొట్టిన క్షణంలో ఆ పైపొర గుణం కూడా పోతుంది. ఆ తర్వాత పది సార్లు ముంచినా కూరగాయల కత్తికి కావలసిన గట్టిదనం రాదు, లేని కార్బన్‌ను నీళ్లు తెచ్చిపెట్టవు.

ఇంట్లో విరిగిన స్టీలు పళ్లెం, గరిటెతో చేయమనే మాట కూడా అక్కడక్కడా కలుపుతున్నారు. వంటింటి గిన్నెల స్టీలు కాల్చి ముంచితే గట్టిపడే రకమే కాదు, దాన్ని వదిలేయండి.

కమాన్ పట్టీ సంగతి వేరు, దాన్ని నేను తీసిపారేయను. లారీ కమాన్లకు ఎక్కువగా వాడే సిలికాన్ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 దాకా ఉంటుంది, గట్టిపడుతుంది, దెబ్బ తట్టుకుంటుంది. మన ఊళ్లల్లో కమ్మరులు గొడ్డళ్లు, కొడవళ్లు దీనితోనే చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. కానీ అది వాళ్ల చేతిలో. మొదటిసారి చేసేవాడికి అందులో మూడు చిక్కులున్నాయి. అది మందం, పైగా వంపు తిరిగి ఉంటుంది, కాబట్టి కొలిమీ, దాగలీ (సుత్తె దెబ్బకు కింద పెట్టే ఇనుప దిమ్మ) లేకుండా దాన్ని సన్నగా చదును చేయడం నరకం. ఏ కంపెనీ ఏ గ్రేడు వాడిందో తెలియదు, కాబట్టి ఏ వేడికి కాల్చాలో ఊహించుకోవాలి. మూడోది అసలైంది: ఏళ్ల తరబడి గుంతల రోడ్ల మీద ఊగి ఊగి లోపల కంటికి కనపడని పగుళ్లు పడి ఉంటాయి, మీరు వారం రోజులు కష్టపడి ఆకురాయి (ఫైలు) పట్టాక ముంచేటప్పుడు అవి బయటపడతాయి. తప్పు మీదా ఉక్కుదా అని కూడా తేలదు, ఏం నేర్చుకున్నట్టు?

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. మొదటి కత్తికి తుక్కు వద్దు. 1084 గానీ సీ75 గానీ, ఇవి కత్తులకు పనికొచ్చే కార్బన్ ఉక్కు గ్రేడ్లు, ఆ పేరు బిల్లు మీద రాసిచ్చే చోట రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందం పట్టీ కొనుక్కోండి. చిన్న ముక్కలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మొత్తం పనిలో ఉక్కు ఖర్చే తక్కువ, అక్కడ మిగిల్చుకుని శ్రమంతా పోగొట్టుకోవద్దు.

ఇక "ఎర్రగా కాల్చండి" అన్న మాట. ఎంత ఎర్రగా? ఇక్కడే ఎక్కువ కత్తులు పాడవుతాయి. నర్సంపేట వైపు ఒక పెద్దాయన కొలిమి ఉంది, ఆయన పైకప్పు కింద, చీకటి మూలలో తప్ప ఉక్కు రంగు చూడడు. "ఎండల చూస్తే అది నీకు అబద్ధం జెప్తది బిడ్డా" అంటాడు. అక్షరాలా నిజం. ఉక్కు గట్టిపడే వేడి 1084కు దాదాపు 815 డిగ్రీలు. ఆ వేడి దగ్గర నీడలో స్పష్టంగా ఎర్రగా కనిపించే ముక్క, మే నెల ఎండలో డాబా మీద పెట్టి చూస్తే అసలు కాలనట్టే కనిపిస్తుంది, "ఇంకా కాలలేదు" అనుకుని ఇంకా గాలి కొడతారు, నారింజ దాటి పసుపుకు పోతుంది. వేడి ఎక్కువైతే ఉక్కు లోపలి రేణువులు పెద్దవైపోతాయి, గట్టిపడుతుంది కానీ పెళుసుగా ఉంటుంది. అనుమానంగా ఉంటే అదే పట్టీలోంచి కోసిన చిన్న ముక్కను కాల్చి, ముంచి, వైస్‌లో పెట్టి విరవండి. విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తుంటే వేడి ఎక్కువైంది, నున్నగా బూడిద రంగులో ఉంటే సరిపోయింది. విరిచేటప్పుడు ముక్క ఎగురుతుంది, మీద గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకునే ఆ పని చేయండి.

రంగు తెలియనివాళ్లకు అయస్కాంతం ఉంది. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ఇనుప కడ్డీ చివర కట్టి పక్కన పెట్టుకోండి, బ్లేడును మధ్యమధ్యలో దానికి తాకించి చూడండి, పట్టడం ఆగిపోయాక ఎరుపు ఇంకొంచెం వెలుగెక్కేదాకా ఉంచి తీయండి, అంతే. ఆ మెసేజ్‌లో ఈ ఒక్క ముక్క రాసినా సగం కత్తులు బతికేవి.

బకెట్ నీళ్ల మాటకు నాకు కోపమే వస్తుంది. నీళ్లు వేడిని చాలా వేగంగా లాగేస్తాయి. సన్నటి బ్లేడులో అంచు ఒక్క క్షణంలో చల్లారుతుంది, వెన్ను ఇంకా వేడిగా ఉంటుంది, ఆ లాగుడుకు "టింగ్" అని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నవాళ్లకు తెలుసు, అది పగులు. కమ్మరి నీళ్లలో ముంచుతాడు కదా అంటే, ఆయన కొడవలి అంచు మాత్రమే ముంచుతాడు, ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు తీయాలో ఆయన చేతికి తెలుసు, ఆ ఉక్కూ వేరే. మీరు చేసేది 1084 అయితే నూనె వాడండి. పల్లి నూనె మంచిది, మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని 50, 60 డిగ్రీల దాకా వేడి చేసుకోండి, గోరువెచ్చని నూనె పల్చగా ఉండి చల్లని నూనె కంటే బాగా పనిచేస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగలో ఏమేముంటాయో మీ ఊపిరితిత్తులకు అక్కర్లేదు. పాత్ర లోతుగా, లోహంతో చేసిందై ఉండాలి, ప్లాస్టిక్ బకెట్ కాదు, మూత పక్కనే ఉండాలి. బ్లేడును మొనవైపు నుంచి నిటారుగా దించండి, పక్కలకు ఊపితే వంగుతుంది. పైన మంట లేస్తే మూత పెట్టండి. నీళ్లు మాత్రం పోయకండి, మండే నూనె మీద నీళ్లు పడితే మంట మనిషంత ఎత్తు లేస్తుంది.

ముంచేముందు అంచును సన్నగా పదును పెట్టేయకండి, ఒక మిల్లీమీటరు మందం వదలండి, సన్నగా ఉన్న అంచు అలలు తిరుగుతుంది, పగులుతుంది.

ఆ మెసేజ్‌లో అసలు లేనే లేని పని ఒకటుంది, అది లేకపోతే పైన చెప్పినవన్నీ వృథా. నూనెలోంచి తీసిన బ్లేడు మీద ఆకురాయి గీస్తే పట్టకుండా జారిపోతుంది, అంత గట్టిగా ఉంటుంది, కానీ చేయి జారి గచ్చు మీద పడితే విరుగుతుంది కూడా. దాన్ని వెంటనే మళ్లీ తక్కువ వేడిలో కాచాలి, టెంపరింగ్ అంటారు. ఇంట్లో కేకులు చేసే ఓటీజీ చాలు: 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయటికి తీసి చల్లారనిచ్చి, మళ్లీ రెండు గంటలు. ఓవెన్ మీద అంకెలను నమ్మకండి, లోపల వేరే థర్మామీటరు పెట్టుకోండి, ఇసుక పోసిన ట్రేలో బ్లేడును ఉంచితే వేడి హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ముందే మెరుగు పెట్టిన చోట ఎండుగడ్డి రంగు పసుపు వస్తుంది, అది సరైన గుర్తు. ఇది చేయకుండా కత్తిని ఎవరికైనా బహుమతిగా ఇవ్వడం ప్రమాదం, అంచు ముక్కలు రాలి కూరలో పడతాయి.

సుత్తె, దాగలి, పెద్ద కొలిమి లేకుండా మొదలుపెట్టలేమన్న భావన కూడా ఆ మెసేజ్‌లో ఉంది. అవసరం లేదు. చదునైన పట్టీ కొన్నాక ఆక్సా బ్లేడుతో ఆకారం కోయొచ్చు, ఆకురాయితో అంచు వాలు తీయొచ్చు, డ్రిల్‌తో పిడికి రంధ్రాలు పెట్టొచ్చు, ఎమరీ కాగితంతో నునుపు చేయొచ్చు. ఒక గట్టి బెంచీ వైస్ ఉంటే చాలు. కాల్చడానికి నాలుగైదు ఫైర్ ఇటుకలు, తుమ్మ బొగ్గులు, చేత్తో తిప్పే బ్లోయర్ సరిపోతాయి. ఆరుబయట, పైన నీడ ఉండి గాలి ఆడే చోట పెట్టుకోండి.

ఆకురాయితో చేస్తే నెమ్మది, నిజమే. కానీ కొత్తవాళ్లకు గ్రైండర్ కంటే ఆకురాయే మంచి గురువు, తప్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఆపుకోవచ్చు. గ్రైండర్ పెడితే ఇంకో చిక్కు: టెంపరింగ్ అయిపోయిన బ్లేడును గ్రైండర్‌కు ఆనిస్తే కొన్ని సెకన్లలో అంచు నీలంగా మారుతుంది. నీలం అంటే ఆ చోట వేడి 300 డిగ్రీల దగ్గరికి పోయింది, గట్టిదనం తగ్గిపోయింది. ఒట్టి చేత్తో బ్లేడు పట్టుకుని, వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచుతూ చేయాలి. యాంగిల్ గ్రైండర్ గార్డు తీసేసి పనిచేయడం, దానికి కట్టెలు కోసే పళ్ల బ్లేడు బిగించడం ఎవరు చూపించినా ఆ వీడియో మూసేయండి. జీఐ పైపు ముక్కలు మంటలో వేయకండి, జింక్ పొగకు జ్వరం, వణుకు వస్తాయి.

కోనసముద్రం పేరు వాడుకోవడం నాకు అన్నిటికంటే నచ్చలేదు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు, అది గర్వపడాల్సిన చరిత్రే. 2010లో బెంగళూరు, ఇంగ్లండ్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లల్లో తిరిగి పాత ఇనుము, ఉక్కు తయారీ జాగాలను నమోదు చేశారు, మన వరంగల్, కరీంనగర్ వైపు కూడా. కానీ కోనసముద్రం కమ్మరులు ఉక్కు ఎట్లా చేశారు? హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు అక్కడ చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. మూసలో, అంటే మట్టి పాత్రలో, ఇనుము పెట్టి గంటల తరబడి కొలిమి ఆగకుండా గాలి కొట్టి ఉక్కు ముద్ద తీసేవాళ్లు. ఆ మూసలను మట్టిలో వరి ఊక కలిపి చేసేవాళ్లు, అంత వేడికి తట్టుకోవాలి కదా. తీసిన ముద్దను వెంటనే కొట్టేవాళ్లు కాదు. దానికి మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కొలిమిలో కాచి, తీసి చల్లార్చి, మళ్లీ కాచి, అట్లా మూడు నాలుగు సార్లు చేసి, సుత్తె దెబ్బకు లొంగేంత మెత్తబడ్డాకే ముందుకు పోయేవాళ్లు. అందులో కార్బన్ ఒక శాతం పైమాటే, వేడి కొంచెం ఎక్కువైతే సుత్తె కింద పొడిపొడి అయ్యే రకం. అంటే వాళ్ల విద్య మొత్తం వేడిని అదుపులో పెట్టడంలో ఉంది. ఎర్రగా కాల్చి బకెట్లో ముంచడాన్ని వాళ్ల పేరుతో ప్రచారం చేయడం ఆ కమ్మరులను అవమానించడమే. వాళ్ల వారసులు మన ఊళ్లల్లో ఇంకా కొలిమి నడుపుతున్నారు, నేర్చుకోవాలని ఉంటే వెళ్లి పక్కన కూర్చోండి, తిత్తి కొట్టండి, వాళ్ల సమయానికి డబ్బులివ్వండి.

జీవితాంతం పదును పోని కత్తి లేదు, ఎవరూ చేయలేరు. రెండు వైపులా 15 నుంచి 20 డిగ్రీల వాలు పెట్టి సానరాయి మీద అప్పుడప్పుడు పట్టాల్సిందే. కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది కూడా, మన వంటింట్లో చింతపండు, నిమ్మకాయ, ఉల్లిగడ్డ తగిలాక వెంటనే కడిగి తుడవాలి. వాడుతుంటే బూడిద రంగు పొర వస్తుంది, అది చెడిపోవడం కాదు. పిడికి టేకు ముక్కలు ఫర్నిచర్ పనిచేసేవాళ్ల దగ్గర అడిగితే ఇస్తారు. నిర్మల్ బొమ్మల పొనికి కట్టె మాత్రం చాలా మెత్తన, పిడికి పనికిరాదు.

చివరగా ఆ ఫొటో. మూరెడు కత్తి చేసి దాని ఫొటో ఫోన్‌లో పెట్టుకుని తిరిగే ముందు ఆయుధాల నిబంధనలు ఒకసారి చూసుకోండి. 2016 నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడు కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టారు, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని మాత్రం మినహాయించారు. కూరగాయలు కోసే నాలుగు అంగుళాల చాకుకు ఏ చిక్కూ లేదు. పొడవు తక్కువైతే ముంచినప్పుడు వంగడం తక్కువ, చిన్న కొలిమిలో మొత్తం ఒకే వేడికి వస్తుంది, ఓటీజీలో పడుతుంది. మొదటిది ఆ కొలతలోనే చేయండి.