తనిఖీకి వచ్చినవారు వైద్యానికి రారేం?

మంచం పట్టిన మనిషి నిజంగానే మంచం పట్టాడో లేదో తేల్చుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో డాక్టర్ల బృందాలను నేరుగా ఇళ్లకే పంపింది. మంచానపడ్డవారికిచ్చే నెలకు రూ.15 వేల పింఛను అనర్హులకూ అందుతోందన్నది సర్కారు మాట. ప్రజల సొమ్ము దారి తప్పకుండా చూసుకోవడం ప్రభుత్వ బాధ్యతే, కాదనం. కానీ అర్హత తేల్చడానికి మంచం దాకా వెళ్లగలిగిన డాక్టరు, ఆ మంచంమీది మనిషి వీపున పుండు పడిందేమో చూడటానికి ఎందుకు వెళ్లలేడు?

పక్షవాతంతోనో వెన్నుపాము దెబ్బతోనో పడిపోయినవారిని చాలాసార్లు బలిగొనేది అసలు జబ్బు కాదు, ఆ తర్వాతి కదల్లేనితనం. ఎప్పుడూ వెల్లకిలా ఉండే మనిషి గట్టిగా దగ్గలేడు. కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యుమోనియా అవుతుంది. పిక్క కండరం పనిచేయక కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉంటే మర్దన చేయకూడదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. గొట్టం ద్వారా మూత్రం చేరే సంచిని పొట్టకంటే ఎత్తులో పెడితే మూత్రం వెనక్కి మళ్లి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. పాదాన్ని నిటారుగా ఆనించి ఉంచకపోతే పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీ బిగుసుకుపోతుంది. రేపు కాలికి బలం వచ్చినా అడుగు నేలకు ఆనదు.

అన్నిటికంటే ఘోరం పడకపుండు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగినచోట రక్తం ఆడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లం నిద్రలోనే ఒత్తిగిలుతాం. స్పర్శ పోయినవాడికి ఒత్తిడి తెలియదు, తెలిసినా కదల్లేడు. అందుకే నడుము కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక రోజూ చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం తెల్లబడాలి. తెల్లబడలేదంటే పుండు మొదలైనట్టే. చామనచాయ ఒంటిమీద ఎరుపు తెలియకపోవచ్చు. అక్కడ వేడిగా, గట్టిగా తగలడమే గుర్తు. ఈ దశలో ఆ చోటుమీద బరువు పడకుండా చూస్తే చాలావరకు మానిపోతుంది. వదిలేస్తే, పైకి రూపాయి బిళ్లంత కనిపించేది లోపల ఎముక దాకా తొలిచేస్తుంది. ఆపై చీము, రక్తంలో విషం, చావు.

దీన్ని ఆపే విద్య కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944 నుంచి డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికులను రాత్రీ పగలూ రెండు గంటలకోసారి తిప్పించారు. అంతకుముందు ఆశ వదులుకున్న మనుషులు బతికి బట్టకట్టారు. తిప్పడానికీ ఓ పద్ధతుంది. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముకమీదే పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగించాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి. అన్నం పెట్టేటప్పుడు, ఆ తర్వాత అరగంట నిటారుగా కూర్చోబెట్టాలి. మిగతా వేళల్లో తలవైపు 30 డిగ్రీలకు మించి లేపి వదిలేస్తే ఒళ్లు కిందికి జారి చర్మం ఒరుసుకుపోతుంది. పైకి జరపాలంటే ఇద్దరు మనుషులు కింది దుప్పటి పట్టుకుని లేపాలి. చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుంది.

ఇంటికి పంపేటప్పుడు ఇవి ఎంతమందికి చెబుతున్నారు? డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లుంటాయి, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటుంది. రోగిని ఎలా తిప్పాలో ఉండదు. అందుకే ఇళ్లలో ఎర్రబడ్డచోట నూనెతో గట్టిగా రుద్దుతున్నారు, స్పిరిట్ రాస్తున్నారు. నడుము కింద గుండ్రటి గాలి ట్యూబు పెడుతున్నారు. దాని అంచు చుట్టూ నొక్కడంతో మధ్యలోకి రక్తం ఇంకా తగ్గిపోతుంది. అప్పుచేసి ఎయిర్ బెడ్ కొన్నవారికీ పంపుమీది మీటను రోగి బరువుకు తగ్గట్టు తిప్పాలని ఎవరూ చెప్పరు. నడుము భాగంలో ఆ పరుపు కింద అరచెయ్యి పెట్టి చూడాలి. పైన కనీసం అంగుళం మేర గాలి ఉండాలి, ఎముక చేతికి తగలకూడదు. కరెంటు పోతే చాలా పరుపుల్లో గాలి దిగిపోతుంది. పైగా ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడమే మానేస్తారు. అది తిప్పడానికి తోడే తప్ప బదులు కాదు.

సంరక్షణ ఖర్చుకే కదా పింఛను ఇస్తున్నామని ప్రభుత్వం అనవచ్చు. రూ.5 వేలను 2024లో ఒక్కసారిగా రూ.15 వేలు చేయడం మంచి పనే. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో మంచానపడ్డవారి ఇళ్లకు డాక్టరు వెళ్లాలన్న నియమమూ ఉంది. కానీ డబ్బు రోగిని ఒత్తిగిలించదు. పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరూ రెండు గంటలకోసారి చేయాల్సిన పని చేయలేడు. ఆ పని చేసేది భార్యో కోడలో; నేర్పాల్సింది వాళ్లకు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే ఉపశమన వైద్యం) విధానం తెచ్చి ఇంటి సంరక్షణను పంచాయతీలకు అప్పగించింది. తెలంగాణలో అలాంటి వైద్యం అందించే ‘ఆలన’ బృందాలు ఇళ్లకు వెళ్తున్నాయి. ఇక్కడ మాత్రం తనిఖీకి డాక్టర్లు దొరికారు.

ఒకటో తారీఖున పింఛను గడపకే చేరుతోంది. అంటే ఎవరు ఏ ఇంట్లో మంచానపడి ఉన్నారో ప్రభుత్వానికి పక్కాగా తెలుసు. ఆ జాబితాను ఏఎన్‌ఎంల చేతికివ్వండి. నెలనెలా వీపూ మడమలూ చూసి రాయమనండి. డిశ్చార్జయిన వారంలోపు ఫిజియోథెరపిస్టును ఇంటికి పంపండి. ప్రతి పీహెచ్‌సీలో నాలుగు ఎయిర్ బెడ్లు ఉంచి అవసరమైన ఇంటికివ్వండి. ఇంటి మనిషి చేత వార్డులోనే ఒక్కసారి రోగిని తిప్పించి చూడకుండా బయటకు పంపే ఆసుపత్రికి ఎన్టీఆర్ వైద్య సేవ బిల్లు ఆపండి. వైకల్యాన్ని శాతాల్లో కొలవడానికి తీరిక చేసుకున్న ఆరోగ్య శాఖ, పుండుకు కట్టు కట్టడానికి సిబ్బంది లేరని మాత్రం చెప్పొద్దు. ఆ మాట వినడానికి మేం సిద్ధంగా లేం.