రెండుకీ మూడుకీ మధ్య

మోకాలి కట్టు ఇంకా విప్పలేదు కనుక ముందు కథంతా గబగబా చెప్పేస్తాను. పాత సైకిల్ కొన్నాను, ఏడు నెలలు బాగుచేశాను, పాత సైకిళ్ల ప్రదర్శనకు తీసుకెళ్లాను. పెడల్ కడ్డీలను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులతో కుస్తీ, తుప్పు, ఇంట్లోవాళ్ల మౌనవ్రతం, ఇవన్నీ మరోసారి.

వెనక చక్రం నడుమ ఉన్న గుండ్రటి డబ్బా, అంటే హబ్బు, స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ రకం. 1936లో వచ్చిన మూడు గేర్ల నమూనా. బయటికి కనిపించేది ఒకటే పళ్లచక్రం, మిగతా యంత్రాంగమంతా ఆ గుండ్రటి కడుపులోనే. ఒకటో గేరు వేగాన్ని పావు వంతు తగ్గిస్తుంది, రెండోది ఉన్నదున్నట్టు ఉంచుతుంది, మూడోది మూడో వంతు పెంచుతుంది. చుట్టూ చేరినవాళ్లకు ఇదంతా వివరించి, "ఇందులో చెడిపోవడానికేమీ ఉండదండీ" అని కూడా అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

తరువాత చిన్న ఎత్తు ఎక్కి చూపించాలి. మూడో గేరులో బయలుదేరాను. ఎత్తు మొదలవగానే సీటు మీంచి లేచి నిలబడి, మీటను రెండుకు మార్చాను.

ఈ హబ్బులో రెండుకీ మూడుకీ మధ్య ఒక త్రిశంకు స్వర్గం ఉంది. కేబుల్ బిగువు సరిగ్గా లేకపోతే గేరు అక్కడ వేలాడుతుంది. మనం ఎంత తొక్కినా ఆ కబురు చక్రానికి అందదు. ఆ అవస్థ రాకుండా చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. మీటను రెండులో పెట్టి, కుడి నట్టుకున్న రంధ్రంలోంచి చూస్తూ, లోపలి కడ్డీ భుజం ఇరుసు చివరికి సమంగా వచ్చేదాకా కేబుల్ సరిచేయాలి. ఆ రంధ్రాన్ని నేను పాత టూత్‌బ్రష్‌తో తళతళలాడేలా తోమాను. అందులోంచి చూడటం ఒక్కటే మరిచాను.

నా బరువంతా కుడి పెడల్ మీద ఉంది. తాడు తెగిన చేదలా ఆ కాలు కిందికి పోయింది. ఏడు నెలలుగా నూనె పట్టించి మెత్తబరచిన తోలు సీటు వెనక ఖాళీగా ఎదురుచూస్తోంది. నేను దిగింది దాని ముందున్న ఉక్కు బారు మీద. ఆ బారుకు ఐదు పూతలు నల్లరంగు వేశాను. పూత పూతకూ గరుకు కాగితంతో రుద్ది, చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు తెచ్చాను. చెయ్యే కాదు, మనిషి కూడా జారతాడని తెలిసింది. అలా హ్యాండిల్ దాకా వెళ్లి, అక్కడినుంచి నేల మీదికి వెళ్లాను.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది న్యాయనిర్ణేత. పొద్దున నా బెల్లు మూతకున్న మర ఆ కాలానిది కాదని మార్కులు కోసిన మనిషి. ఆ కాలం మరలు ఆ కాలంతోనే పోయాయండీ అంటే, "నేను చెప్పేదీ అదే" అన్నాడు. అలాంటివాడు వంగి, జేబులోంచి తెల్లటి రుమాలు తీశాడు. మనిషిని తప్పుగా అంచనా వేశాననుకుంటూ, రక్తం కారుతున్న మోకాలిని ముందుకు చాపాను.

ఆయన హబ్బు తుడిచాడు.

"57" అని చదివాడు. తయారైన ఏడాదిని ఆ హబ్బుల మీదే అచ్చు కొట్టేవారు. "దరఖాస్తులో 1938 అని రాశారు కదా మీరు?"

అమ్మినవాడు చెప్పిందే రాశానన్నాను. ఆయన ఏమీ అనలేదు. సరిగ్గా ఆ అంకె మీదే అంత మందాన ఎందుకుందో తెలియని గ్రీజును రుమాలులో ఒకసారి చూసుకుని, పుస్తకం తెరిచాడు.